నవ్వించి, నొప్పించిన మనిషి పోతే నివాళి రాసే పద్ధతి

తెలుగులో చావు కబురు రాయడానికి కూర్చుంటే మొదటి వాక్యంలోనే ఒక నిర్ణయం తప్పదు: ‘మరణించారు’ అనాలా, ‘మరణించాడు’ అనాలా? ఇంగ్లిష్‌లో ఈ చిక్కు లేదు. మన క్రియకు మాత్రం చివర గౌరవం అంటుకునే వస్తుంది. పోయినవారు జీవితమంతా ఎవరినో ఒకరిని ఎగతాళి చేస్తూ పేరు తెచ్చుకున్న కమెడియన్ అయితే చెయ్యి అక్కడే ఆగిపోతుంది. కొందరు ఆ తడబాటులో ‘మృతి’ అని నామవాచకంతో గట్టెక్కుతారు. రెండో వాక్యానికి క్రియ రాక తప్పదు కదా.

ఇలాంటి మనిషికి గౌరవం ఇవ్వాలా అన్న ప్రశ్నను రెండుగా చీల్చుకుంటే పని సులువవుతుంది. మొదటిది పోయిన మనిషికీ, ఇంట్లో ఏడుస్తున్నవాళ్లకూ చూపే మర్యాద. దీనికి షరతు లేదు. రెండోది ఆ మనిషి చేసిన పనికి ఇచ్చే విలువ. అది లెక్క చూసి ఇవ్వాల్సిందే. యుద్ధకాండలో రావణుడు పడ్డాక అంత్యక్రియలు చేయడానికి విభీషణుడు వెనకాడతాడు. అప్పుడు రాముడు చెప్పిన మాట ‘మరణాంతాని వైరాణి’, పగలు చావుతో ముగుస్తాయని. సంతాప సభల్లో దీన్ని ‘పోయినవాళ్లను ఏమీ అనకూడదు’ అన్న అర్థంలో వాడేస్తుంటారు. రాముడు చెయ్యమన్నది సంస్కారం. రావణుడు చేసినవన్నీ మంచి పనులని చెప్పమని ఎవరినీ అడగలేదు.

కాబట్టి మొదటి నియమం: ‘-ఆరు’ పెట్టండి, చివరిదాకా అదే ఉంచండి. మొదటి పేరాలో ‘మరణించారు’ అని రాసి, వివాదం పేరాకు వచ్చేసరికి ‘అన్నాడు’, ‘హేళన చేశాడు’ అని జారిపోవడం చాలా తరచుగా జరిగే తప్పు. పాఠకుడు పట్టేస్తాడు. మీరు వాస్తవం చెబుతున్నా కసి తీర్చుకుంటున్నట్టు వినిపిస్తుంది, ఆ తర్వాత ఎంత నిజం రాసినా నమ్మడు. విదేశీ కళాకారుల విషయంలోనూ ఇదే పాటించాలి. మనవాళ్లకు ‘-ఆరు’, బయటివాళ్లకు ‘-ఆడు’ అనే అలవాటు మానుకోవాలి.

మొదటి గంటలో

ముందు చావు నిజమో కాదో తేల్చుకోండి. కుటుంబ సభ్యుల నోటి మాట, ఆసుపత్రి బులెటిన్, నటీనటుల సంఘం ప్రకటన: వీటిలో రెండు చేతిలో ఉండాలి. ఒకే వాట్సాప్ మెసేజ్ పది గ్రూపుల నుంచి వచ్చినా అది ఒక్క ఆధారమే. 2023 మార్చిలో కోట శ్రీనివాసరావు పోయారని పుకారు పుడితే, తాను బతికే ఉన్నానని ఆయనే వీడియోలో చెప్పుకోవాల్సి వచ్చింది. ఆయన కన్నుమూసింది 2025 జులై 13న. ఈ తప్పు పెద్ద చోట్ల కూడా జరుగుతుంది. 1979 మార్చిలో జయప్రకాశ్ నారాయణ్ బతికి ఉండగానే పార్లమెంటు నివాళి అర్పించింది.

మొదటి కబురు నాలుగు వాక్యాలు మించనక్కర్లేదు: ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, ఎన్నేళ్ల వయసులో. కారణం కుటుంబమో డాక్టర్లో చెబితేనే. వివాదం గురించి ఈ నాలుగు వాక్యాల్లో రాయకపోయినా తప్పులేదు, గంటలో పూర్తి కథనం వస్తుంది. కానీ పొగడ్త కూడా ఇక్కడ వద్దు. ‘నవ్వుల రారాజు ఇక లేరు’ అని మొదలుపెట్టారంటే, గంట తర్వాత వచ్చే కథనం దాన్ని మోయాల్సి వస్తుంది.

వయసు లెక్క దగ్గర జాగ్రత్త. మరణించిన ఏడాదిలోంచి పుట్టిన ఏడాదిని తీసేస్తే సగంసార్లు తప్పు వస్తుంది. మాంచెస్టర్ కమెడియన్ బెర్నార్డ్ మానింగ్ పుట్టింది 1930 ఆగస్టు 13న, పోయింది 2007 జూన్ 18న. తీసివేస్తే 77, అసలు వయసు 76. అమెరికన్ స్టాండప్ కళాకారుడు లెనీ బ్రూస్ 1925 అక్టోబరు 13న పుట్టి 1966 ఆగస్టు 3న చనిపోయారు. వయసు 40, 41 కాదు. ఆ ఏటి పుట్టినరోజు దాటిందా లేదా అని ఒక్కసారి చూసుకుంటే చాలు.

చావుకు వాడే మాట కూడా చూసుకోండి. ‘శివైక్యం చెందారు’, ‘ప్రభువునందు నిద్రించారు’ లాంటివి కుటుంబం వేసుకునే ప్రకటనలో బాగుంటాయి. వార్తలో ‘మరణించారు’, ‘కన్నుమూశారు’ అంటే ఏ మతం వారికైనా సరిపోతుంది.

ఫొటో గురించి గట్టిగా చెప్పాలి. లెనీ బ్రూస్ హాలీవుడ్‌లోని ఇంట్లో డ్రగ్ మోతాదు మించి చనిపోయినప్పుడు పోలీసులు ఫొటోగ్రాఫర్లను లోపలికి రానిచ్చారు. స్నానాల గది నేల మీద బట్టల్లేకుండా పడి ఉన్న శవాన్ని వాళ్లు ఫొటోలు తీశారు. ఆయన జోకులు అసభ్యమని కేసులు పెట్టిన వ్యవస్థే ఈ పనికి దారిచ్చింది. షరతు లేని మర్యాద అంటే ముందుగా ఇక్కడ: శవం ముఖం మీదికి జూమ్ చేసిన ఫొటో వద్దు, తలబాదుకుంటున్న భార్య వీడియో వద్దు, ఆసుపత్రి మంచం మీద గొట్టాలతో ఉన్న ఫొటో వద్దు. వేదిక మీద, పని చేస్తుండగా తీసిన ఫొటో వాడండి.

నొప్పి ఏ రకానిదో తేల్చుకోవడం

అసలు కష్టం ఇక్కడే. కమెడియన్ మీద వచ్చిన ప్రతి ఫిర్యాదునూ ‘వివాదం’ అనే ఒకే సంచిలో వేయకూడదు. మూడు రకాలున్నాయి.

ఒకటి, పాత్ర పలికిన మాట. తెలుగు సినిమాలో నత్తి, లావు, నలుపు, యాస, కులం, హిజ్రాల మీద పండించిన కామెడీ గుట్టలుగా ఉంది. దాన్ని తెర మీద పలికింది నటుడే అయినా రాసింది మాటల రచయిత, ఓకే చేసింది దర్శకుడు, సర్టిఫికెట్ ఇచ్చింది సెన్సార్ బోర్డు. నటుడు పోయిన రోజున మొత్తం బరువు ఆయన మెడకే కట్టడం న్యాయం కాదు. అలాగని ‘డైలాగ్ ఎవరో రాశారు, ఆయనకేం సంబంధం’ అని దులిపేసుకోవడమూ కుదరదు. అదే తరహా పాత్ర ఇరవైసార్లు వేస్తే అది ఆయన ఎంచుకున్న దారి కూడా. ఎన్నిసార్లు, ఏయే ఏళ్లలో వేశారో రాస్తే పాఠకుడే బేరీజు వేసుకుంటాడు.

రెండు, వేదిక మీద సొంతంగా చెప్పిన జోకు. స్టాండప్‌లో రచయిత, దర్శకుడు, నటుడు ఒక్కరే. బాధ్యత పంచుకునేవారు లేరు.

మూడు, మైకు ఆపేశాక అన్నవి, చేసినవి: ఇంటర్వ్యూలో మాట, షూటింగులో చేసిన వేధింపు, పోలీసు కేసు. దీన్ని జోకుల లెక్కలో కలిపితే చేసిన పని తేలికైపోతుంది.

ఆస్ట్రేలియన్ కళాకారుడు బారీ హంఫ్రీస్ విషయంలో మొదటి, మూడో రకాలను కలిపేసి చాలామంది పొరబడ్డారు. ఆయన 1955 నుంచి డేమ్ ఎడ్నా అనే మెల్‌బోర్న్ గృహిణి వేషం కట్టారు. ఎదుటివాళ్లను తీసిపారేసే ఎడ్నా అహంకారమే అక్కడ నవ్వు. ఎడ్నా మాటలు హంఫ్రీస్ అభిప్రాయాలు కావు. కానీ 2018లో ఒక పత్రికకు ఇచ్చిన ఇంటర్వ్యూలో ట్రాన్స్‌జెండర్ గుర్తింపును ఫ్యాషన్‌గా కొట్టిపారేసింది హంఫ్రీసే, వేషం లేకుండా. ఆయన పేరు మీద ‘బారీ’ అవార్డు ఇస్తున్న మెల్‌బోర్న్ కామెడీ ఫెస్టివల్ 2019లో ఆ పేరు తీసేసింది. 2023 ఏప్రిల్ 22న 89 ఏళ్ల వయసులో ఆయన సిడ్నీలో కన్నుమూసేనాటికి ఆ ఏటి ఫెస్టివల్ జరుగుతూనే ఉంది. నిర్వాహకులు ఇచ్చిన నివాళి చాలా పలుచగా ఉందని విమర్శ వచ్చింది. డిసెంబరు 15న సిడ్నీ ఒపేరా హౌస్‌లో ప్రభుత్వ లాంఛనంగా సంస్మరణ సభ జరిగింది. ఈ నాలుగు విషయాలూ తేదీలతో వరసగా పెట్టినవాళ్లు ఏ పక్షమూ తీసుకోనక్కర్లేకపోయింది. ‘ఎడ్నా పాత్రే ట్రాన్స్‌జెండర్లకు అవమానం’ అని కలిపేసినవారు వాస్తవం తప్పారు. ‘ఏదో పాత్రలో అన్నమాటకు అవార్డు పేరు తీసేశారు’ అన్నవారూ అంతే.

వివాదం పేరా

ఆరు వందల మాటల కథనంలో దీనికి వంద నుంచి నూటఇరవై మాటలు ఇవ్వండి. మూడో పేరాలో రావాలి, ఆలస్యమైతే నాలుగో పేరా. చివర్లో తోకలా తగిలిస్తే దాచినట్టు, మొదటి వాక్యంలోనే పెడితే మిగతా జీవితం లేనట్టు అవుతుంది. అదొక్కటే ఆ మనిషిని జనానికి తెలిసేలా చేసిందనుకుంటే మాత్రం మొదటి వాక్యంలోనే ఉండాలి. మానింగ్ అలాంటివారు.

పేరాలో ఐదు ముక్కలుండాలి: ఏ ఏడాది, ఎక్కడ, ఏమన్నారు, ఎవరికి తగిలింది, తర్వాత ఏమైంది. ఐదోదానిలోనే క్షమాపణ చెప్పారా, చెప్పలేదా అన్నదీ వస్తుంది. క్షమాపణ చెప్పి ఉంటే ఏ తేదీన, ఏ మాటల్లో చెప్పారో రాయండి. ‘ఎవరి మనసైనా నొచ్చుకుని ఉంటే’ అని చెప్పిన క్షమాపణకూ ‘నేనన్నది తప్పు’ అన్నదానికీ తేడా ఉంది. అది పాఠకుడికి అందాలి.

నాలుగో ముక్కే దాదాపు ప్రతి నివాళిలోనూ ఎగిరిపోతుంది. నొచ్చుకున్నవాళ్లను ‘కొన్ని వర్గాలు’ అని తేల్చేస్తాం. దానికి బదులు ఎలా రాయొచ్చో మానింగ్ మీద చూపించవచ్చు. మామూలుగా వచ్చే రాత ఇలా ఉంటుంది:

‘ముక్కుసూటి మనిషి అయిన మానింగ్ తనదైన శైలి హాస్యంతో పలు వివాదాలకు కేంద్రబిందువయ్యారు. అయినా అభిమానుల గుండెల్లో చెరగని ముద్ర వేసుకున్నారు.’

ఇందులో సమాచారం సున్నా. పేరు మారిస్తే ఎవరికైనా సరిపోతుంది. ఇప్పుడిది చూడండి:

‘మాంచెస్టర్‌లోని హార్పర్‌హేలో 1959లో సొంతంగా ఎంబసీ క్లబ్ తెరిచిన బెర్నార్డ్ మానింగ్, జోకు ఎక్కడ ఆపాలో, ఎక్కడ వదలాలో తెలిసిన నేర్పరి. ఆ జోకుల్లో చాలావాటికి సరుకు నల్లజాతివారు, ఆసియా నుంచి వచ్చి స్థిరపడ్డవారు. డెర్బీలోని ఒక హోటల్ విందులో ఆయన మాట్లాడుతుండగా బల్లల దగ్గర ప్లేట్లు తీస్తున్న ఇద్దరు నల్లజాతి యువతులు అక్కడే నిలబడి అవన్నీ వినాల్సి వచ్చింది. ఆ తర్వాత అతిథులూ వాళ్లను మాటలన్నారు. వాళ్లను అక్కడి నుంచి తప్పించని హోటలే బాధ్యురాలని 1996లో ఉద్యోగ అప్పీళ్ల ట్రిబ్యునల్ తీర్పు చెప్పింది.’

ఇక్కడ ‘జాత్యహంకారి’ అన్న బిరుదు ఎక్కడా వాడలేదు, వాడాల్సిన అవసరమూ రాలేదు. ప్లేట్లు పట్టుకుని నిలబడ్డ ఇద్దరు కనబడుతున్నారు కాబట్టి. మొదటి వాక్యంలో ఆయన నేర్పును తగ్గించనూ లేదు. పనిలో దమ్ముంటే ఉందనే రాయాలి, దాన్ని నొక్కేస్తే ఆ మాటలు అంతమందిని ఎందుకు నవ్వించాయో, అంత లోతుగా ఎందుకు దిగాయో అర్థం కాదు. ఇంకొక్క వాక్యం చేర్చాలి: హోటల్‌ను బాధ్యురాలిని చేసిన ఆ న్యాయసూత్రం సరికాదని 2003లో బ్రిటన్ ప్రభువుల సభ (అప్పట్లో అక్కడి అత్యున్నత న్యాయస్థానం) న్యాయమూర్తులు అన్నారు. ఆ యువతులు ఎదుర్కొన్నది దానివల్ల మారదు. కానీ పాత తీర్పు ఒక్కటే రాసి వదిలేస్తే సగం నిజం అవుతుంది.

‘ఆ కాలం అలాంటిది’ అన్న సమర్థన వాడే ముందు ఒక పరీక్ష పెట్టండి: అదే కాలంలో, అదే ఊళ్లో ఎవరైనా అభ్యంతరం చెప్పారా? చెప్పి ఉంటే ఆ వాక్యం కొట్టేయండి. 1979లో లండన్‌లో కామెడీ స్టోర్ అనే స్టాండప్ క్లబ్ తెరుచుకున్నాక జాతి మీద, ఆడవాళ్ల మీద జోకులు వద్దనుకున్న కొత్త తరం బ్రిటన్ వేదికల మీదికి వచ్చింది. మానింగ్ ఆ తర్వాత పాతికేళ్ల పైన బతికారు. కాలం మారడం ఆయన చూశారు.

తిట్టుమాటను యథాతథంగా రాయాలా? ఆ మాట లేకుండా నొప్పి అర్థమైతే రాయకండి. కులం పేరుతో తిట్టినదైతే ‘కులాన్ని కించపరిచే మాట’ అంటే చాలు. మొదటి అక్షరం మాత్రం రాసి మిగతాచోట చుక్కలు పెట్టడం అన్నిటికంటే చెడ్డ పద్ధతి, చదివేవాళ్లు నోట్లో పూరించుకుంటారు.

మెత్తటి మాటల వెనుక

‘చచ్చినవాడి కళ్లు చారెడు’ అని మన సామెత. లేని గొప్పలు చావుతో వస్తాయని. దీనికి పత్రికల్లో ఒక భాషే పుట్టింది. 1986లో లండన్ డైలీ టెలిగ్రాఫ్ సంస్మరణల పేజీ చేపట్టిన హ్యూ మాసింగ్‌బర్డ్ ఆ భాషను కళగా మార్చారు. ‘సరదా మనిషి’ అని రాస్తే తాగుబోతని లోపలివాళ్లకు తెలిసేది. తెలుగులోనూ అలాంటి నిఘంటువు ఉంది. ‘ముక్కుసూటి మనిషి’ అంటే ఎదుటివాళ్లను అవమానించేవారు. ‘భోళా మనిషి’ అంటే నోటికి అదుపు లేనివారు. ‘రసికుడు’ అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. ఇవి వాడకపోవడమే మంచిదని గట్టిగా చెబుతున్నాం. వీటిలో దాగిన నిందను తెలిసినవాడు చదువుతాడు, తెలియనివాడు పొగడ్త అనుకుంటాడు. నొచ్చుకున్నవారికి మాత్రం తమ నొప్పి చమత్కారంగా మారినట్టు ఉంటుంది.

‘వివాదాస్పద’ అన్న విశేషణాన్ని శీర్షికలోంచి తీసేయండి. పని పెట్టండి. అమెరికన్ కమెడియన్ గిల్బర్ట్ గాట్‌ఫ్రీడ్ 2022 ఏప్రిల్ 12న 67 ఏళ్ల వయసులో పోయారు. 2011లో జపాన్ సునామీ మీద జోకులు వేసినందుకు ఒక బీమా కంపెనీ ప్రకటనల్లో బాతుకు గొంతు ఇచ్చే పని పోగొట్టుకున్నారు. ‘వివాదాస్పద కమెడియన్’ అంటే ఆయనా, మానింగ్ ఒకే గాటన పడతారు. ఒకరు సమయం కాని సమయంలో జోకు వేశారు, మరొకరు దశాబ్దాల పాటు ఒకే రకం మనుషులను ఎంచుకుని వేశారు. రెండూ ఒకటి కావు.

చట్టం దగ్గర

బ్రిటన్, అమెరికాల్లో చనిపోయినవారి పరువునష్టం కేసు సాధారణంగా నడవదు. అక్కడి రచనలు చూసి మనమూ అంత స్వేచ్ఛ ఉందనుకోకూడదు. భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ మొదటి వివరణ ప్రకారం, బతికి ఉంటే పరువు తీసేలాంటి ఆరోపణను, కుటుంబం లేదా దగ్గరి బంధువుల మనసు నొప్పించే ఉద్దేశంతో చనిపోయిన వ్యక్తి మీద చేసినా పరువునష్టం కావచ్చు. శిక్ష రెండేళ్ల దాకా సాధారణ జైలు, జరిమానా లేదా రెండూ, లేదంటే సమాజ సేవ. నిజమై, ప్రజా ప్రయోజనం కోసం చెప్పినదైతే మినహాయింపు ఉంది. కాబట్టి ప్రతి ఆరోపణ పక్కన కాగితం ఉండాలి: ఎఫ్ఐఆర్, తీర్పు, ఆనాటి వార్త, వీడియో.

మాటలు కలిపేయొద్దు. ఫిర్యాదు వేరు, కేసు నమోదు వేరు, ఛార్జిషీటు వేరు, శిక్ష వేరు. విచారణ నడుస్తుండగా నిందితుడు చనిపోతే క్రిమినల్ కేసు అక్కడితో ఆగిపోతుంది. అంతే, ‘నిర్దోషిగా తేలారు’ అని రాయకూడదు, ‘దోషి’ అనీ రాయకూడదు. ‘విచారణ పూర్తికాకముందే మరణించారు’ అన్నదే సరైన వాక్యం. క్షమాభిక్షనూ నిర్దోషిత్వంతో కలిపేస్తుంటారు. న్యూయార్క్ కోర్టు 1964లో అసభ్య ప్రదర్శన కింద లెనీ బ్రూస్‌కు నాలుగు నెలల శిక్ష వేసింది. అప్పీలు తేలకముందే ఆయన పోయారు. 2003 డిసెంబరు 23న గవర్నర్ జార్జ్ పటాకీ ఇచ్చింది క్షమాభిక్ష, ఆ రాష్ట్ర చరిత్రలో మరణానంతరం ఇచ్చిన మొదటిది. కోర్టు శిక్ష కొట్టేసిందని రాస్తే తప్పు.

ఎప్పుడు రాయాలి, ఎవరు మాట్లాడాలి

వాస్తవాలతో కూడిన వివాదం పేరా మొదటి రోజే రావాలి. పొడవాటి విమర్శ వ్యాసం మాత్రం పెద్దకర్మ అయ్యాక వేయండి. కుటుంబం ఇంకా కర్మకాండల్లో ఉండగా వచ్చిన వ్యాసాన్ని ఎవరూ చదివి ఆలోచించరు, తిట్టుకోవడమే మిగులుతుంది. ముస్లిం కుటుంబమైతే నలభై రోజులు, క్రైస్తవ కుటుంబమైతే జ్ఞాపకార్థ కూడిక దాటనివ్వండి.

సోషల్ మీడియాలో రెండు వాక్యాల సంతాపం రాసేటప్పుడు మీరు నిజంగా అనుకున్నది ఒక్కటే రాయండి. ‘ఫలానా సినిమాలో ఆయన టైమింగ్ మర్చిపోలేను, కుటుంబానికి సానుభూతి’ చాలు. మనసు ఒప్పకపోతే రాయకండి, ఎవరూ లెక్కపెట్టరు. చేయకూడని పని మాత్రం ఒకటుంది: వేరొకరి సంతాపం పోస్టు కిందికి వెళ్లి మన కోపం కక్కడం. 2022 సెప్టెంబరు 21న హిందీ కమెడియన్ రాజు శ్రీవాస్తవ చనిపోయినప్పుడు ఒక యువ స్టాండప్ కళాకారుడు అలా రాసి, గొడవయ్యాక తీసేయాల్సి వచ్చింది. శ్రీవాస్తవ కొత్త తరం కమెడియన్లను తూలనాడారన్న అతని బాధలో విషయం ఉండొచ్చు. ఆ చోట, ఆ రోజున అది ఎవరికీ వినబడలేదు.

సంతాప సభలో రెండు నిమిషాలు మించొద్దు. పనిలో మీకు తెలిసిన ఒక నిర్దిష్టమైన విషయం, కుటుంబానికి ఒక మాట, అంతే. ‘తీరని లోటు’, ‘కల్మషం లేని మనిషి’ అనవద్దు. ముఖ్యంగా, ఆయన మాటల వల్ల నొచ్చుకున్నవారిని పిలిచి పొగడమని ఒత్తిడి పెట్టకండి. ‘పోయినవారి గురించి ఇప్పుడెందుకమ్మా’ అని సర్దిచెప్పడం కూడా ఒత్తిడే. వాళ్లు రాకపోవడం, వచ్చి మౌనంగా కూర్చోవడం రెండూ మర్యాదే.

అన్నిటికన్నా మంచి పద్ధతి, 75 దాటిన కమెడియన్ల ప్రొఫైల్ ముందే రాసి పెట్టుకోవడం. బతికి ఉండగా ఫోన్ చేసి, ‘ఫలానా ఏడాది ఫలానా మాట అన్నారు కదండీ, ఇప్పుడేమనుకుంటున్నారు?’ అని అడిగే వీలుంటుంది. చాలామంది చెబుతారు. కొందరు తప్పొప్పుకుంటారు, కొందరు ఇంకా గట్టిగా సమర్థించుకుంటారు. ఆ జవాబు తేదీతో ఫైల్లో ఉంటే వివాదం పేరా సగం ఆయన మాటల్లోనే వస్తుంది. ఫైలు పేరులో ‘వేయరాదు’ అని పెట్టి, ఏడాదికోసారి సరిచూడండి. ప్రచురించాక కూడా కాగితాలు, లింకులు పారేయకండి. సంవత్సరీకం నాటికి కొత్త తీర్పో, కొత్త సాక్ష్యమో, ఇంటివాళ్లు బయటపెట్టిన ఉత్తరమో రావచ్చు. సవరించిన తేదీ, సవరించిన వాక్యం కథనం అడుగున కనబడేలా వేయండి.